తీగ కొసను పట్టుకున్న మర: ఎలక్ట్రిక్ గిటార్ లాకింగ్ ట్యూనర్ల చరిత్ర

విద్యార్థులారా, వీణను దగ్గరగా చూసినవారికి దాని బిరడాలు గుర్తుండే ఉంటాయి. చెక్కలో తొలిచిన రంధ్రంలో చెక్క బిరడా. తీగ దాన్ని నిరంతరం వెనక్కి తిప్పాలని చూస్తూ ఉంటుంది. తిరగకుండా ఆపేది ఘర్షణ ఒక్కటే. వాతావరణంలోని తేమ మారితే చెక్క ఉబ్బుతుంది లేదా కుంచించుకుపోతుంది. ఒకనాడు బిరడా కదలదు, మరొకనాడు జారిపోతుంది. అందుకే వైణికులు దానికి సుద్దపొడి రాసుకుంటారు. వయొలిన్ వాద్యకారులదీ అదే బాధ, అదే ఉపాయం.

ఎలక్ట్రిక్ గిటార్‌కు బిరడాలు లేవు, లోహపు మరలున్నాయి. అయినా ఆ వాద్యం కూడా చాలాకాలం శ్రుతి నిలవక వాద్యకారులను ఏడిపించింది. చేతిలో మంచి మర ఉండి కూడా తీగ ఎందుకు జారింది? ఆ జారుడును ఆపే లాకింగ్ ట్యూనర్ 1980లదాకా ఎందుకు ప్రచారంలోకి రాలేదు? ఈ పాఠంలో మనం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలనే.

బిరడా స్థానంలో మర రావడం 18వ శతాబ్దపు మాట. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వియన్నాలో యోహాన్ జార్జ్ స్టాఫర్ అనే వాద్య నిర్మాత ఆరు మరలనూ ఒకే వరుసలో అమర్చిన గిటార్లు చేశాడు. ఆ సంప్రదాయాన్ని 1833లో జర్మనీ నుంచి న్యూయార్క్‌కు వలస వెళ్ళిన సి.ఎఫ్. మార్టిన్ అమెరికాకు తీసుకుపోయాడు. ఈ మరలో రెండు భాగాలుంటాయి. మీరు వేళ్ళతో తిప్పేది మరచుట్టు ఉన్న చిన్న కడ్డీ. అది ఒక పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. చక్రానికి బిగించిన గూటానికి తీగ చుట్టుకుంటుంది. దీని గొప్పతనమంతా ఒక్క లక్షణంలో ఉంది. మరచుట్టు చక్రాన్ని తిప్పగలదు గాని చక్రం మరచుట్టును తిప్పలేదు. తీగ ఎంత లాగినా గూటం వెనక్కి తిరగదు. బిరడా సమస్య అక్కడితో తీరిపోయిందని అందరూ అనుకున్నారు. చాలావరకు తీరింది కూడా.

కొత్త చిక్కు 20వ శతాబ్దంలో వచ్చింది. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ను విపణిలోకి తెచ్చాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదన్నది విశేషం. ఈ గిటార్‌లో తీగలు ఆనే బ్రిడ్జి స్థిరంగా ఉండదు. వెనుక స్ప్రింగులు పట్టి ఉంచగా అది ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి తగిలించిన కడ్డీని నొక్కితే ఆరు తీగలూ ఒక్కసారే వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలితే పైకి వస్తుంది. ఫెండర్ దీనికి 'ట్రెమొలో' అని పేరు పెట్టాడు. నిజానికి ట్రెమొలో అంటే ధ్వని తీవ్రత హెచ్చి తగ్గడం, స్వరస్థాయి ఊగడాన్ని వైబ్రాటో అనాలి. ఆ తప్పు పేరే లోకంలో స్థిరపడిపోయింది.

కడ్డీ వదిలాక స్వరం పైకి వస్తుంది సరే, బయలుదేరిన చోటికే వస్తుందా? ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం కావాలి. తీగ పౌనఃపున్యం దాని తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదివారు. మామూలు గిటార్ తీగల సెట్టులో ఆరింటి తన్యత కలిపి దాదాపు 45 కిలోల బరువుకు సమానం. వాటిలో అతి సన్నని ఉక్కు తీగ వ్యాసం పావు మిల్లీమీటరు, దాని తన్యత 7 కిలోల పైచిలుకు. ఉక్కు బహు కొద్దిగా సాగుతుంది గనుక, బ్రిడ్జి కదలదని అనుకుని లెక్క వేస్తే, ఈ తీగ 0.7 మిల్లీమీటరు జారితే చాలు, స్వరం సుమారు అర స్వరం దిగిపోతుంది. ఒక వెంట్రుక మందం జారితే అందులో పదో వంతు దిగుతుంది. శిక్షణ ఉన్న చెవికి ఆ మాత్రం అపశ్రుతి స్పష్టంగా తెలుస్తుంది.

ఆ వెంట్రుక మందం జారుడు ఎక్కడ జరుగుతోంది? శ్రుతి తప్పగానే మర జారిందని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. మర జారదని పైన చూశాం. తప్పు మరకు ఇరువైపులా ఉంది. ఒకటి, గూటం చుట్టూ తీగ వేసుకున్న చుట్లు. 6 మిల్లీమీటర్ల గూటానికి మూడు చుట్లు వేస్తే 5 సెంటీమీటర్లకు పైగా తీగ అక్కడ ఉంటుంది. కడ్డీ నొక్కినప్పుడు ఈ చుట్లు సడలి, మళ్ళీ బిగిసేటప్పుడు కొంచెం వేరుగా సర్దుకుంటాయి. రెండోది, మెట్ల పలక పైకొసన తీగలు ఆనే నట్. దాని గాడిలో తీగ పట్టేస్తే అటు పోయింది ఇటు రాదు.

కడ్డీని సుతారంగా వాడినంత కాలం ఇదేమీ పెద్దగా బయటపడలేదు. 1960ల చివర జిమీ హెండ్రిక్స్ దాన్ని తీగలు పూర్తిగా వదులయ్యేదాకా నొక్కాడు. ఆయన వేదికమీద పాటకూ పాటకూ మధ్య శ్రుతి సరిచేసుకోవడం ఆనాటి కచేరీ రికార్డింగుల్లో వినవచ్చు. వాద్యకారుడు వాద్యాన్ని దాని నిర్మాత ఊహించిన హద్దు దాటించినప్పుడు లోపం కనబడింది. నా ఉద్దేశంలో మన రెండో ప్రశ్నకు జవాబు ఇదే. పరికరం చేయడం కష్టమై ఆలస్యం కాలేదు, దాని అవసరం ఆలస్యంగా పుట్టింది.

మొదట వచ్చిన పరిష్కారం చాలా తీవ్రమైనది. ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికన్ గిటార్ వాద్యకారుడు తీగను నట్ దగ్గరే బిగించేశాడు. ఆయనకు 1979లో పేటెంట్ వచ్చింది. తరువాత బ్రిడ్జి వైపు కూడా బిగింపు వచ్చింది. ఎడ్డీ వాన్ హేలెన్ వంటివారు వాడడంతో 1980ల్లో ఇది విపరీతంగా ప్రచారమైంది. అయితే నట్ బిగించాక తలమీది మరలు తిప్పినా ఫలితం ఉండదు. అందుకని బ్రిడ్జి దగ్గర చిన్న సవరణ మరలు పెట్టారు. వీణ నేర్చుకునేవారికి ఈ ఆలోచన కొత్త కాదు. నాగపాశం దగ్గర లంగర్ల మీది రింగులు జరిపి సూక్ష్మంగా శ్రుతి చేయడం మన వాద్యంలో ముందునుంచీ ఉన్నదే. ఫ్లాయిడ్ రోజ్ పద్ధతిలో తీగ మార్చాలంటే మాత్రం స్పానర్ పట్టుకుని కూర్చోవాలి.

లాకింగ్ ట్యూనర్ దీనికి మధ్యేమార్గం. అందులో గూటం లోపల బోలుగా ఉంటుంది. వెనుకనున్న చిన్న చక్రాన్ని తిప్పితే లోపలి పిన్ను పైకి జరిగి, రంధ్రంలో దూర్చిన తీగను నొక్కి పట్టుకుంటుంది. తీగ కొసే బందీ అయ్యాక చుట్ల అవసరమేముంది? గూటం ఒక చుట్టు కూడా తిరగకుండానే తీగ శ్రుతికి వస్తుంది. క్లీవ్‌లండ్‌కు చెందిన బాబ్ స్పెర్జెల్ చేసిన 'ట్రిమ్-లాక్' ఈ కోవలో ప్రసిద్ధం. 1985లో మేరీలాండ్‌లో తన సంస్థ గిటార్ల ఉత్పత్తి ప్రారంభించిన పాల్ రీడ్ స్మిత్, తీగను పట్టుకునే మరలను తన సొంత పద్ధతిలో రూపొందించాడు. 1987లో ఫెండర్ సంస్థే స్ట్రాట్ ప్లస్ అనే నమూనాకు లాకింగ్ ట్యూనర్లు అమర్చి, నట్ దగ్గర తీగ ఒరుసుకోకుండా రోలర్లు పెట్టింది. ఈ జోడింపును గమనించండి. ట్యూనర్ చుట్ల సమస్యను తీరుస్తుంది, నట్ సమస్యను తీర్చదు. గాడి సరిగా లేని గిటార్‌కు ఎంత ఖరీదైన ట్యూనర్లు వేసినా శ్రుతి తప్పుతూనే ఉంటుంది.

మీ చేతికి అలాంటి గిటార్ వస్తే చేయవలసింది కొంచెమే. గూటం రంధ్రాన్ని తీగ వచ్చే దిశకు సూటిగా తిప్పండి. తీగను దూర్చి, వదులు లేకుండా చేత్తో లాగి పట్టుకోండి. వెనుక చక్రాన్ని వేళ్ళతోనే బిగించండి, పటకారు వాడితే పిన్ను సన్నని తీగను నలిపి తెంపేస్తుంది. ఆ తరువాత శ్రుతి చేసి, మిగిలిన కొసను కత్తిరించండి. పాత అలవాటుకొద్దీ మూడు చుట్లు వేసి ఆపైన బిగించేవారున్నారు. వారు పోగొట్టుకోవలసిన చుట్లనే మళ్ళీ తెచ్చుకుంటున్నారు. కొత్త తీగ మొదట్లో కొంత దిగుతుంది. దాన్ని చేత్తో మెల్లగా లాగి రెండు మూడుసార్లు శ్రుతి సరిచేస్తే కుదురుకుంటుంది.