బొబ్బిలివీణయు బాలుర చేతిపనియు

వీణలకు వన్నెకెక్కిన బొబ్బిలికి చేరువనే గొల్లపల్లి. ఆ యూరి వీణాశిల్పుల యిండ్లలో బాలునకు మొదటిబడి తండ్రి పనిముట్ల చెంతనే. పనసమ్రాను నొక్కదానినే తొలిచి కుండయు దండియు నతుకు లేక తీర్చినచో నది ఏకాండవీణ. ఉలి యెంతలోతునకు పోవలెనో చేయి నేర్చుకొనును. 24 మెట్లను మైనముపై నిలుపునపుడు చెవి నేర్చుకొనును. ఇది వల్లెవేసిన వచ్చునది కాదు.

చేతిపని మూలముగా చదువు నేర్పవలెనని గాంధీగారు 1937లో వార్ధాయందు చెప్పిరి. నేనో, శబ్దమంజరి వల్లింపించుచునే యుద్యోగము ముగించితిని. ఒక్కనాడైన పిల్లలను గొల్లపల్లికి గొనిపోనైతిని. ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల పిల్లలు పుస్తకములసంచి లేక 10 దినములు స్థానికవృత్తికారులకడ పని నేర్వవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. పోషకమహాశయులారా! పని మానుకొని నేర్పు శిల్పికి ఆ దినముల కూలి నష్టము కాకుండ మీ విరాళములలో కొంత కేటాయింపుడు.