పరిశోధన ప్రాజెక్టు పూర్తి కావాలంటే: తంజోంగ్ పగార్ పాఠం

ఉద్యోగం చేస్తూ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో మాస్టర్స్ చదివే మనవారికి తరగతుల కంటే చివరి ప్రాజెక్టే పెద్ద పరీక్ష. అంశం ఎంత చిన్నదైతే పూర్తయ్యే అవకాశం అంత ఎక్కువ.

సింగపూరు తంజోంగ్ పగార్‌నే తీసుకుందాం. 1972లో ఇక్కడ కంటైనర్ టెర్మినల్ మొదలైంది. 1988లో టెర్మినల్ పనులకు సిటోస్, 1989 జనవరి 1న దేశమంతటి వాణిజ్య అనుమతులకు ట్రేడ్‌నెట్ వచ్చాయి. అంతకుముందు అనుమతికి 2 నుంచి 4 రోజులు పట్టేది. తర్వాత నిమిషాలే చాలాయి. ఇది కంప్యూటర్ల మహిమ మాత్రమే కాదు. ఇరవైకి పైగా ఫారాల స్థానంలో ఒకే ఎలక్ట్రానిక్ ఫారం పెట్టారు. 1990లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ దీనిపై కేస్ స్టడీ వెలువరించింది.

"పోర్టు కంప్యూటరీకరణ" అనే అంశానికి అంతు ఉండదు. "అనుమతి సమయం ఎందుకు తగ్గింది?" అన్నదానికి ఉంటుంది.

గుర్తుంచుకోవలసినవి:

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి.
2. ఆఫీసు డేటా వాడాలంటే ప్రపోజల్‌కు ముందే లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. అది రాకపోతే నెలల శ్రమ వృథా.
3. కొత్త సిస్టమ్ రాకముందే పాత అంకెలు సేకరించండి, తర్వాత దొరకవు.
4. మొదటి వారం నుంచే రాయడం మొదలుపెట్టండి.