దామోదరం సంజీవయ్య

దామోదరం సంజీవయ్య (1921 - 1972) ఆంధ్ర ప్రదేశ్ రెండవ ముఖ్యమంత్రి, భారతదేశంలో ముఖ్యమంత్రి పదవిని అధిష్టించిన మొదటి దళితుడు. ఈయన 1921, ఫిబ్రవరి 14న కర్నూలు సమీపంలోని పెద్దపాడులో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించాడు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివాడు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజాజీ మంత్రివర్గంలో మంత్రిగా పనిచేశాడు.

1960 జనవరిలో నీలం సంజీవరెడ్డి కాంగ్రెసు అధ్యక్షుడు కావడంతో ఈయన 38 యేళ్ళ వయసులో ముఖ్యమంత్రి అయ్యాడు. భూస్వాముల ప్రాబల్యం గల రాయలసీమ రాజకీయాలలో భూబలం, ధనబలం లేని సౌమ్యుడొకడు ఈ స్థానానికి చేరడం అరుదైన విషయం. ఈయన హయాంలోనే వృద్ధాప్య పింఛన్లు, అవినీతి నిరోధక శాఖ మొదలయ్యాయి. 1962 ఎన్నికల తరువాత ముఖ్యమంత్రి పదవి తిరిగి సంజీవరెడ్డికి దక్కగా, అదే సంవత్సరం సంజీవయ్య అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు. కర్నూలు జిల్లాలో హంద్రీ నదిపై నిర్మించిన గాజులదిన్నె జలాశయానికి ఈయన స్మృత్యర్థం సంజీవయ్య సాగర్ అని పేరు పెట్టారు.