సదాశివనగర్ పాత చెరువు – ఆకాశపు లెక్క

హైదరాబాదునుండి నాగపూరు పోవు పెద్దరోడ్డుమీద, కామారెడ్డి దాటి నిజామాబాదు చేరకముందే సదాశివనగర్ అను ఊరు వచ్చును. 2015 మార్చి 12వ తేదీన ఈ ఊరి పాత చెరువులో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు పూడికతీతకు శ్రీకారము చుట్టిరి. మిషన్ కాకతీయ అను పేర తెలంగాణమంతట జరిగిన చెరువుల పునరుద్ధరణకు అదియే మొదటి పార. అప్పటికింకను కామారెడ్డి జిల్లా ఏర్పడలేదు. ఊరు నిజామాబాదు జిల్లాలోనిదే. ఆనాడు లెక్కకు వచ్చిన చెరువులు, కుంటలు 46,531.

ఈ సంఖ్యను ఒకమారు నిదానముగా చదువవలెను. ఇన్నివేల చెరువులలో ఏ చెరువున ఎంత నీరున్నదో, ఏ కుంట ఎండినదో, ఏ శికమును ఎవరు దున్నుచున్నారో ఒక్కచోట కూర్చుండి తెలిసికొనుట ఎట్లు? పూర్వము ఈ పని నీరటివానిది, పట్వారిది. నీరటివాడు తూము తెరచుటయే గాక, మత్తడి ఎన్నడు దూకునో ముందుగా చెప్పగలిగెడివాడు. కాని అతనికి తన ఊరి చెరువే తెలియును. పట్వారి పహాణీలు అన్ని ఊళ్ళకు నుండెను. అయితే వ్రాసినవాడు చెరువు చూచి వ్రాసెనో, పోయినయేటి పహాణీ చూచి వ్రాసెనో చెప్పుట కష్టము.

ఈ చిక్కునకు మన కాలమున దొరకిన ఉపాయము ఆకాశమునుండి చూచుట. దీనిని సుదూర గ్రాహణమందురు. వాడుకలో రిమోట్ సెన్సింగ్ అనుటయే కద్దు. చూచినదానిని యంత్రముచే చదివించుట దీనికి జోడువిద్య. ఈ రెంటిని మన దేశమున ఒక్కచోట చేర్చినవారిలో ముఖ్యులు ఒక తెలుగువారు, బులుసు లక్ష్మణ దీక్షితులుగారు. ఆయన ఉద్యోగచరిత్రను చెప్పుకొనినచో ఈ విద్య చరిత్ర చాలవరకు చెప్పుకొనినట్లే.

మన దేశమున ఈ విద్యకు అంకురార్పణ చేసినవారు మాత్రము పిషారటిగారు. 1970 ప్రాంతమున కేరళలో కొబ్బరిచెట్లకు వేరుతెగులు పట్టినప్పుడు, ఆయన హెలికాప్టరునుండి పరారుణ ఫిల్ముతో ఆ తోటలను ఫొటో తీయించిరి. పచ్చని ఆరోగ్యవంతమైన ఆకు పరారుణ కాంతిని విస్తారముగా వెనుకకు చిమ్మును. తెగులు సోకిన ఆకు అట్లు చిమ్మజాలదు. మన కంటికి రెండును పచ్చగానే తోచును. ఫిల్ముపై వేరువేరుగా కనబడును. క్రిందనుండి చూచినవానికి తెలియని రోగము పైనుండి చూచిన తెలిసెను. 1972 జూలై 23న అమెరికావారు లాండ్‌శాట్ వరుసలోని మొదటి ఉపగ్రహమును ప్రయోగించిన పిదప, ఇట్టి చూపు పదునెనిమిది దినములకొకమారు భూమినంతను చుట్టివచ్చుట మొదలాయెను.

దీక్షితులుగారు ఈ రంగమునకు వచ్చిన దారి వేరు. ఆయన వృక్షశాస్త్రజ్ఞులు కారు, భూగోళ పండితులును కారు, విద్యుత్ ఇంజనీరు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1964లో డాక్టరేటు పొంది, అక్కడనే ఆచార్యులైరి. నియంత్రణ వ్యవస్థలనుండి ఆయన దృష్టి క్రమముగా చిత్రములమీదికి మరలెను. ఒక చిత్రమును యంత్రమునకు చూపవలెనన్న మొదట దానిని అంకెలుగా మార్చవలెను. చిత్రమును తిరుగు డోలకు చుట్టి, చుక్కచుక్కగా దాని వెలుగును కొలుచు పరికరమును 1970 దశకపు తొలిరోజులలో ఆయన ఇక్కడనే తయారుచేసిరి. ఈనాడు ఫోను చేతబట్టి ఫొటో తీయు పిల్లవానికి ఆ శ్రమ ఊహకందదు.

1974 సెప్టెంబరులో హైదరాబాదున జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఏర్పడినది. దీక్షితులుగారు 1976లో ఆచార్యపదవి వదలి అందు చేరిరి. 1982 మొదలు 1996 వరకు దాని డైరెక్టరుగా నుండిరి. 1991లో పద్మశ్రీ అందుకొనిరి. ఉపగ్రహములు పంపు సంకేతములను అందుకొనుటకు షాద్‌నగర్ వద్ద 1979లో భూకేంద్రము నెలకొనెను.

యంత్రము చదువు నేర్చుట యెట్లో కొంచెము వివరింతును. ఉపగ్రహ చిత్రము గళ్ళగళ్ళుగా నుండును. తొలి లాండ్‌శాట్‌లో ఒక్కొక్క గడికి నాలుగు అంకెలు: ఆకుపచ్చ కాంతి ఎంత, ఎరుపు ఎంత, పరారుణము రెండు భాగములుగా ఎంతెంత. నీరు పరారుణమును మ్రింగివేయును గనుక చెరువు గడిలో ఆ అంకె చిన్నది, వరిమడిలో పెద్దది. ఇంతవరకు సులువు. కాని జొన్నచేనికిని బీటికిని, ఎండిన చెరువునకును నల్లరేగడికిని భేదమేమి? ఇచ్చట మనుష్యుడు గురువు కావలెను. అతడు కొన్ని చోట్లకు స్వయముగా పోయి, ఇది వరి, ఇది నీరు, ఇది బీడు అని గుర్తుపెట్టుకొని వచ్చి, ఆ గళ్ళను యంత్రమునకు పాఠముగా చూపును. యంత్రము ఒక్కొక్క జాతి అంకెల సగటును, వాని చెదరుపాటును లెక్కగట్టి, తెలియని గడి ఎదురైనప్పుడు అది ఏ జాతికి చెందుటకు ఎక్కువ అవకాశమున్నదో చెప్పును. ఆ తరువాత మరల మనుష్యుడు పొలమునకు పోయి, చెప్పినది నిజమో కాదో చూచి రావలెను. ఈ రెండవ ప్రయాణమును ఎగవేయు పండితులు ఏ కాలమునందైనను ఉందురు.

గడి ఎంత పెద్దదన్నది మరియొక మాట. దీనిని మన గుంటలలో చెప్పుకొనినచో స్పష్టపడును. గుంట యనగా 121 చదరపు గజములు. నలుబది గుంటలు ఒక ఎకరము. తొలి లాండ్‌శాట్ గడి ఇంచుమించు ఎనుబది మీటర్ల చదరము, అనగా అరువదిమూడు గుంటలు. ముప్పది ఎకరముల చెరువు అందు పట్టుమని ఇరువది గళ్ళైనను కాదు. అందులో అంచుగళ్ళే హెచ్చు. రెండెకరముల కుంట ఉన్నదో లేదో చెప్పుటయే కష్టము. 1988 మార్చి 17న బైకనూరునుండి ఎగసిన మన ఐ.ఆర్.ఎస్. 1-ఎ ఉపగ్రహపు మెరుగైన కెమెరా గడి పదమూడు గుంటలకు దిగెను. ఐరోపావారి సెంటినెల్-2 మొదటి ఉపగ్రహము 2015 జూన్ 23న, అనగా సదాశివనగర్‌లో పార పడిన మూడు నెలలకు, ప్రయోగింపబడినది. దాని గడి పది మీటర్ల చదరము. ఇంచుమించు ఒక గుంట! పట్వారి గొలుసును, ఐరోపా ఇంజనీరు కొలతను ఎవరును కావలెనని కలుపలేదు గాని, అవి కలిసినవి.

దీక్షితులుగారి కాలమున ఈ విద్యకు అసలు పరీక్ష చెరువులలో రాలేదు, అడవులలో వచ్చినది. దేశమున సుమారు 23 శాతము అడవి కలదని అటవీశాఖల లెక్క. 1980 దశకపు తొలి సంవత్సరములలో హైదరాబాదు సంస్థ ఉపగ్రహ చిత్రములు చూచి, 1972-75 నాటికి అడవి 16.89 శాతమనియు, 1980-82 నాటికి 14.10 శాతమునకు తగ్గినదనియు ప్రకటించెను. హెక్టార్లలో చెప్పినచో సుమారు ఐదు కోట్ల యేబది యైదు లక్షలనుండి నాలుగు కోట్ల అరువది మూడు లక్షలకు. ఏడెనిమిదేండ్లలో దాదాపు తొంబది రెండు లక్షల హెక్టార్ల అడవి మాయమైనదన్నమాట. ఆ మాట ఎవరికి రుచించును?

పెద్ద వివాదము చెలరేగెను. అయితే అది సత్యాసత్యముల తగవు మాత్రమే కాదు. మాటకు అర్థమేమన్న తగవు. అటవీశాఖకు అడవి యనగా దస్తావేజులో అడవి యని వ్రాసియున్న భూమి, అందు చెట్టున్నను లేకున్నను. ఉపగ్రహమునకు దస్తావేజు కనబడదు; చెట్ల తలలు మాత్రమే కనబడును. పలుచని అడవిని అడవి యందుమా, పొద యందుమా అను చోట ఇద్దరు చదువరులు రెండు విధములుగా గీత గీయుదురు. తుదకు రెండు పక్షములవారు చిత్రములు ముందు పెట్టుకొని సరిచూచిరి. 1987లో భారత అటవీ సర్వేక్షణ సంస్థ తన మొదటి నివేదికలో, 1981-83 నాటి చిత్రములనుబట్టి, 19.49 శాతమని తేల్చెను. హైదరాబాదు సంఖ్య తక్కువ. శాఖల సంఖ్య ఎక్కువ. నా దృష్టిలో ఆ మొదటి సంఖ్య పొరపాటున్నదైనను వ్యర్థము కాలేదు. ఆ ఆందోళనమే లేకున్నచో దస్తావేజు సంఖ్యను తెరచి చూచుటకు ఎవరును పూనుకొనకపోవుదురు.

మరల నీటికడకు వత్తము. ఎల్లారెడ్డి ప్రాంతమున మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరము కట్టినప్పుడు 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టెడిది. ఇప్పటి లెక్క 17.8 టి.ఎం.సి.లు. పూడికయే ప్రధాన కారణము. ఇట్టి జలాశయమున పడవ వేసికొని లోతులు కొలుచుట నెలల పని. ఉపగ్రహ పద్ధతి వేరు. నీరు నిండినప్పుడు, సగమున్నప్పుడు, అడుగంటినప్పుడు చిత్రములు తీసి, ఒక్కొక్క మట్టమున నీరు ఎంత మేర పరచుకొన్నదో గళ్ళు లెక్కింతురు. మట్టములు గట్టుమీది కొలబద్ద చెప్పును. మేరను, మట్టమును కలిపినచో ఆ రెంటినడుమ నీరెంతయో తేలును. ఏనాడును బయటపడని అడుగు నీటిక్రింద ఏమున్నదో మాత్రము ఈ పద్ధతి చెప్పజాలదు. దానికి పడవయే గతి.

చిన్న చెరువులలో చిక్కులు వేరు. గుర్రపుడెక్క అలముకొనిన చెరువు ఆకాశమునకు పచ్చని పైరువలె కనబడును. కొండనీడ చెరువువలె కనబడును. మడిలో నాటువేసిన కొత్తలో వరియే నీరుగా తోచును. ఈనాటి యంత్రవిద్యలో ఇందుకు ఒక చమత్కారమైన ఉపాయము కలదు. 2001లో బ్రీమన్ అను అమెరికను గణితజ్ఞుడు వివరించిన పద్ధతిలో, యంత్రము ఒక్క తీర్పరిని గాక వందలకొలది తీర్పరులను తయారుచేసికొనును. ఒక్కొక్కరికి పాఠములో కొంతభాగమే చూపును. కొత్త గడి రాగానే అందరు ఓటు వేయుదురు. ఎక్కువ ఓట్లు వచ్చినదే తీర్పు. దీనికి ఆయన పెట్టిన పేరునందును అడవియే కలదు.

దీక్షితులుగారు డైరెక్టరు పదవి విడిచిన పిదపను ఈ చదువు విడువలేదు. ఐక్యరాజ్యసమితి ప్రాపున డెహ్రాడూనులో 1995లో వెలసిన ఆసియా పసిఫిక్ అంతరిక్ష విద్యాకేంద్రమునకు మొదటి డైరెక్టరైరి. హైదరాబాదునకు మరలివచ్చి పరిశోధకులకు మార్గదర్శకులైరి. 2013లో మరి యిద్దరితో కలిసి ఆయన ప్రకటించిన వ్యాసము హృద్రోగ నిర్ణయమును గూర్చినది. అందలి పద్ధతి మన పల్లెలకు తెలిసినదే: కొత్తవాడు ఎట్టివాడో తెలియవలెనన్న అతనికి మిక్కిలి దగ్గరి పొరుగువారిని కొందరిని విచారించి, వారిలో ఎక్కువమంది ఎట్టివారో అట్టివాడని నిర్ణయించుట. చెరువు గడికైనను, రోగి గుండెకైనను ఆ గణితమొక్కటే.

సదాశివనగర్ పాత చెరువు అంచున వేసవిలో నీరు వెనుకకు జరిగినప్పుడు, సగము తడిమన్ను, సగము నీరు, ఒక మూల తుంగ కలిసిన గుంటెడు నేల ఉండును. ఆ గడిని నీటిలో చేర్చవలెనా, నేలలో చేర్చవలెనా యన్నచోట వందమంది తీర్పరులు నేటికిని ఇంచుమించు చెరిసగముగా చీలుదురు. అప్పుడు ఎవరో ఒకరు కట్ట దిగి, బురదలో కాలు పెట్టి చూచి రావలసియున్నది.