మన రేవు మీద బాంబు వేసిన ఓడ ఏమైంది?

1942 ఏప్రిల్ 6, సోమవారం. రంగం (బర్మాలోని రంగూన్) జపాన్ చేతికి చిక్కి నెల కావస్తోంది. అక్కడ కూలీనాలీ చేసుకుని బతికిన మనవాళ్లు కట్టుబట్టలతో ఉత్తరాంధ్ర, గోదావరి ఊళ్లకు తిరిగొస్తున్నారు. వాళ్లు చెప్పే కథలు ఒళ్లు గగుర్పొడిచేలా ఉన్నాయి. ముందు రోజు ఈస్టర్ నాడే కొలంబో మీద బాంబులు పడ్డాయి. అయినా యుద్ధం ఇంకా సముద్రానికి అవతలే ఉందన్న ధీమా విశాఖపట్నానిది.

ఆ ధీమా ఆ రోజుతో సరి. బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని వేటాడుతున్న వైస్ అడ్మిరల్ ఒజావా దళంలో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక ఉంది. దాని మీంచి లేచిన విమానాలు విశాఖ రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు కురిపించాయి. కొందరి ప్రాణాలు పోయాయి.

ఊరు ఖాళీ

దాడి చిన్నదే, భయం పెద్దది. మూటాముల్లె సర్దుకుని జనం లోపలి పల్లెలకు పరుగుతీశారు. మద్రాసు ప్రభుత్వం సైతం కార్యాలయాల్ని లోపలి జిల్లాలకు తరలించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు మారింది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డు పనులు కుంటుపడ్డాయి. అక్కడ తయారైన తొలి ఓడ జల ఉషను నెహ్రూ నీళ్లలోకి దింపింది 1948 మార్చిలో.

బురదలో జీరో

విశాఖ మీద దాడి జరిగి రెండు నెలలు తిరక్కముందే ర్యూజో భూగోళానికి మరో కొసన తేలింది. జూన్ 4న అలాస్కాలోని అమెరికా స్థావరం డచ్ హార్బర్ మీద దాడికి దాని విమానాలు వెళ్లాయి. 19 ఏళ్ల తదయోషి కోగా నడుపుతున్న జీరో ఫైటర్‌కు కింద నుంచి వచ్చిన తూటా తగిలింది. చమురు కారిపోతోంది. అకుతాన్ దీవిలో పచ్చిక మైదానం కనబడింది. చక్రాలు దించి వాలాడు. గడ్డి కింద ఉన్నదంతా బురదే! చక్రాలు దిగబడి విమానం తలకిందులైంది. కోగా మెడ విరిగి అక్కడికక్కడే చనిపోయాడు. పడిపోయిన విమానాన్ని శత్రువుకు దక్కకుండా కాల్చేయాలని జపాన్ నియమం. తోటి పైలట్లకు చేతులు రాలేదు, అతను బతికే ఉన్నాడేమోనని.

జులైలో అమెరికన్లు దాన్ని కనిపెట్టి శాన్ డియేగోకు తీసుకుపోయి బాగుచేశారు. సెప్టెంబరుకల్లా ఎగరేశారు కూడా. వేగం పెరిగితే రెక్కల చివర ఉండే పలకలు బిగుసుకుపోతాయనీ, ముక్కు కిందికి ఒక్కసారిగా తోస్తే ఇంజిన్ ఆగిపోతుందనీ తెలిసిపోయింది. అజేయమనుకున్న జీరో గుట్టంతా రట్టయింది. 1945 ఫిబ్రవరిలో రన్‌వే దగ్గర మరో విమానం ప్రొపెల్లర్ దాన్ని ముక్కలు చేసింది. అందులోంచి ఏరిన కొన్ని చిన్న భాగాలే ఇప్పుడు అమెరికా మ్యూజియాల్లో ఉన్నాయి.

ర్యూజో అప్పటికే లేదు. 1942 ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికన్ విమానాలు దాన్ని ముంచేశాయి.

మన వాటా

ఆనాటి దాడిలో పేలకుండా మిగిలిన ఒక బాంబు విశాఖ మ్యూజియంలో ఉంది. బీచ్‌రోడ్డులోని పాత డచ్ బంగళాలో 1991లో తెరిచిన మ్యూజియం అది. బాంబు బరువు 250 పౌన్లంటారు. లోపలి మందు తీసేశారు, మిగిలింది ఇనుప గుల్ల.

అదే రోడ్డులో 29 ఏళ్లు నౌకాదళానికి సేవ చేసిన టీయూ-142 విమానం ముందు సెల్ఫీల సందడి. అది మన బలాన్ని చెప్పేది గనుక ఆ ముచ్చట న్యాయమే. మన రేవు ఎంత నిస్సహాయంగా ఉండేదో చెప్పేది మాత్రం ఈ గుల్లే. తూర్పు నౌకాదళానికి కేంద్రమైన ఊరు ఆ సంగతి మరవకూడదు.

ఈసారి బీచ్‌కు వెళితే పిల్లల్ని ఆ బాంబు దగ్గరికీ తీసుకెళ్లండి. ఇంట్లో తొంభై దాటిన పెద్దలుంటే బాంబులు పడ్డ రోజు సంగతులు అడిగి రాసిపెట్టండి. ఆ నోటి చరిత్రకు మ్యూజియం లేదు.