అచ్చుపుటలో బొమ్మ: బ్లాకు నుంచి లింకు దాకా

తెలుగు అచ్చు చరిత్ర అనగానే మనకు అక్షరమే జ్ఞాపకం వస్తుంది. లిపిని పోతపోసిన వైనం, ముద్రణాలయాల స్థాపన, పత్రికల పుట్టుక, వీటి గురించి ఎంతో కొంత చదివి ఉంటాం. పుటలోకి బొమ్మ ఎలా వచ్చింది, అచ్చు ముగిశాక అది ఎక్కడికి పోయింది అన్న ప్రశ్నలు మాత్రం సాధారణంగా పక్కన ఉండిపోతాయి.

రాష్ట్రం వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్నలు మరీ ముఖ్యమైనవి. మన సంఘాల చరిత్రలో ఎక్కువ భాగం పెద్ద గ్రంథాలలో లేదు. సావనీర్లలో, ఉగాది సంచికలలో, నాటక సమాజాల కరపత్రాలలో ఉంది. వాటిలో వ్యాసం ఎంత విలువైనదో, పక్కనున్న ఫొటో కూడా అంత విలువైనది. అయితే ఇక్కడ ఒక విచిత్రం ఉంది. సీసపు అక్షరాల కాలంలో అచ్చు ముగిశాక రాత చెదిరిపోయేది, బొమ్మ మిగిలేది. కంప్యూటరు కాలంలో రాత మిగిలింది, బొమ్మ చెదిరిపోయింది. ఈ తలకిందులు ఎలా జరిగిందో చూద్దాం.

లెటర్‌ప్రెస్ యంత్రానికి తెలిసినవి రెండే: సిరా అంటడం, అంటకపోవడం. నలుపుకూ తెలుపుకూ నడుమనున్న బూడిదరంగు ఛాయలు దానికి సాధ్యం కావు. ఆ ఛాయలను చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టడమే హాఫ్‌టోన్ పద్ధతి. గీతలు చెక్కిన అద్దపు తెర గుండా ఫొటోను మళ్లీ ఫొటో తీసి, రాగిరేకు మీద ఆ చుక్కలను ఆమ్లంతో తేల్చేవారు. న్యూయార్కులోని 'డైలీ గ్రాఫిక్' పత్రిక 1880 మార్చి 4న ఒక ఫొటోను హాఫ్‌టోన్‌లో అచ్చువేసింది. జర్మనీలో గియోర్గ్ మైసెన్‌బాఖ్ 1882లో తన పద్ధతికి పేటెంటు పొందాడు. మన దేశంలో కలకత్తాకు చెందిన ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1895లో బ్లాకుల తయారీ సంస్థను నెలకొల్పి, హాఫ్‌టోన్ మీద విదేశీ ముద్రణ పత్రికలలో వ్యాసాలు రాసేటంత పరిశోధన చేశారు.

తెలుగు పత్రికలు నిలదొక్కుకున్న కాలం కూడా ఇదే. కాశీనాథుని నాగేశ్వరరావు 'ఆంధ్రపత్రిక'ను 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించారు. అది 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. 1924లో మద్రాసులోనే 'భారతి' పుట్టింది. నేటి మహారాష్ట్ర, తమిళనాడు విద్యార్థులు తమ నగరాలకు తెలుగు అచ్చు చరిత్రలో ఉన్న చోటును గుర్తుంచుకోవాలి. ఆ రోజులలో ఏ పత్రికలో ఫొటో పడాలన్నా బ్లాకు చేయించవలసిందే. గీతల బొమ్మలకు జింకు రేకు, ఫొటోలకు ఎక్కువగా రాగిరేకు వాడి, దానిని అక్షరం ఎత్తుకు సరిపడే చెక్కకు బిగించేవారు.

అచ్చు పూర్తయ్యాక కంపోజిటరు అక్షరాలను విప్పి తిరిగి గళ్లలో వేసేవాడు. వ్యాసం సీసంలో ఇక ఉండదు, కాగితం మీదే ఉంటుంది. బ్లాకు మాత్రం బీరువాలోకి చేరేది. ఖర్చుపెట్టి చేయించినది కనుక దానిని పారవేయరు. ఒక నాయకుడి ఫొటో ఏళ్ల తరబడి అదే బ్లాకుతో అచ్చవడం, ఒక ప్రెస్సు మరొక ప్రెస్సు దగ్గర బ్లాకు అరువు తెచ్చుకోవడం మామూలు విషయాలు.

ఈ క్రమాన్ని మార్చినది డెస్క్‌టాప్ పబ్లిషింగ్. అడోబీ సంస్థ 1984లో రూపొందించిన పోస్ట్‌స్క్రిప్ట్ భాష పుటలోని అక్షరాన్నీ బొమ్మనూ ఒకే పద్ధతిలో ప్రింటరుకు వర్ణించి చెప్పగలిగింది. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరు, పాల్ బ్రెయినర్డ్ స్థాపించిన ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్ వచ్చాయి. భారతీయ లిపుల విషయంలో పుణె నగరం గణనీయమైన పాత్ర వహించింది. 1988లో ఏర్పడిన సీ-డాక్ అక్కడి నుంచే జిస్ట్ సాంకేతికతను వ్యాప్తి చేసింది. శ్రీలిపి కూడా పుణెలో తయారైనదే. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కలిసి చాలాకాలం తెలుగు డి.టి.పి.కి మారుపేరుగా ఉండేవి.

అక్షరం సులువుగానే కుదిరింది, బొమ్మ కుదరలేదు. నాటి లేజర్ ప్రింటరు అంగుళానికి 300 చుక్కలు వేయగలదు. అంగుళానికి 60 వరుసల హాఫ్‌టోన్ కావాలంటే ఒక్కొక్క గడికి అయిదు అయిదులు 25 చుక్కలే దక్కుతాయి. అంటే తెలుపుతో కలిపి 26 ఛాయలు మాత్రమే. ముఖాలు మచ్చలు మచ్చలుగా వచ్చేవి. అందుచేత చిన్న ప్రెస్సులు పుటలో ఖాళీ చట్రం వదిలి, రాతను మాత్రం ట్రేసింగ్ కాగితం మీద తీసి, ఫొటోను కెమెరా ద్వారా ఫిల్ముగా మార్చి ఆ చట్రంలో అతికించేవి. ఇలా తయారైన సంచిక ఫైలులో బొమ్మ మొదటి నుంచీ లేదు, ఉన్నది ఖాళీ చట్రమే.

స్కానర్లు అందుబాటులోకి వచ్చాక మరో చిక్కు ఎదురైంది. ఆరు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు ఉన్న ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 1,800 × 1,200, అంటే 21,60,000 చుక్కలు అవుతాయి. నలుపు తెలుపు ఫొటోలో చుక్కకు ఒక బైటు, నాలుగు రంగుల అచ్చుకైతే నాలుగు బైట్లు. ఆ లెక్కన నలుపు తెలుపు ఫొటో ఒక్కటే 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో పట్టదు. రంగుల ఫొటోకు ఆరు ఫ్లాపీలు కావాలి. పాతిక ఫొటోలున్న సావనీరును ఆనాటి కంప్యూటరు ఎలా మోయగలదు?

దీనికి కనిపెట్టిన ఉపాయమే లింకు. పుట ఫైలులో బొమ్మకు బదులు తెర మీద చూసుకోవడానికి ఒక నలుసైన నకలు మాత్రం ఉంటుంది. దానితోపాటు అసలు బొమ్మ ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో, ఏ పేరుతో ఉందో తెలిపే చిరునామా ఉంటుంది. ప్రింటు ఆజ్ఞ ఇచ్చినప్పుడు యంత్రం ఆ చిరునామాకు వెళ్లి అసలు బొమ్మను తెచ్చుకుంటుంది. పెద్ద బొమ్మ పెట్టబోతే దాని పూర్తి ప్రతిని ఫైలులోనే దాచమంటారా అని పేజ్‌మేకర్ అడిగేది. వద్దనడమే ఆపరేటర్లకు అలవాటు. ఫైలు తేలికగా ఉండేది, పని త్వరగా సాగేది.

ఉపాయం మంచిదే, కాని చిరునామా మారితే ఇల్లు దొరకదు. ఫోల్డరు పేరు మార్చినా, పుట ఫైలును మాత్రం ఫ్లాపీలోకి ఎక్కించి బొమ్మలను మరచినా లింకు తెగిపోతుంది. అప్పుడు అచ్చులో పడేది తెర కోసం ఉంచిన నలుసు నకలే. అచ్చుకు కావలసిన ఫైళ్లన్నిటినీ ఒకచోట చేర్చి ఇచ్చే సదుపాయం పేజ్‌మేకర్‌లోనే ఉండేది. ఇన్‌డిజైన్‌లో దానినే ప్యాకేజ్ అంటారు. సంచిక విడుదల హడావిడిలో ఆ మీట నొక్కే తీరిక ఎందరికి ఉంటుంది?

ఆపైన కాలం చేసిన పని ఒకటి ఉంది. అడోబీ 1994లో ఆల్డస్‌ను విలీనం చేసుకుంది, 1999లో ఇన్‌డిజైన్‌ను తెచ్చింది. 2001లో వచ్చిన 7.0తో పేజ్‌మేకర్ కొత్త రూపాలు ఆగిపోయాయి. 2012 నాటి సి.ఎస్.6 వరకు ఇన్‌డిజైన్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేది, తరువాత ఆ సదుపాయం తీసివేశారు. ఫైలు ఎలాగో తెరుచుకున్నా, నాటి ఫాంటు లేకపోతే తెలుగు అర్థంలేని రోమన్ గుర్తులుగా కనబడుతుంది. అయినా ఆ ఫాంటు సంపాదిస్తే, లేదా యూనికోడ్‌లోకి మార్చే సాధనం దొరికితే రాతను తిరిగి రాబట్టవచ్చు. పోయిన బొమ్మకు అటువంటి మార్గం లేదు.

అచ్చయిన ప్రతిని స్కాన్ చేస్తే సరిపోదా అని అడగవచ్చు. అచ్చుపుటలో ఉన్నది ఫొటో కాదు, దాని చుక్కల రూపం. ఆ చుక్కల మీద స్కానరు చుక్కలు పడితే గళ్లచీర మీది మడతల్లా చారలు తేలుతాయి. చారలను కొంత తగ్గించవచ్చు గాని, చుక్కలుగా విడగొట్టినప్పుడే పోయిన వివరాన్ని తెప్పించలేము. 1993లో వచ్చిన పి.డి.ఎఫ్. బొమ్మను పుటలోనే ఇముడ్చుకుంటుంది. ఇది మేలే. అయితే తెర మీద చదవడానికని చిన్నదిగా చేసిన పి.డి.ఎఫ్.లో బొమ్మలోని చుక్కలను కూడా తగ్గించి ఉంటారు. ఫోనులో చేతులు మారుతూ వచ్చిన ఫొటో సంగతీ అంతే.

కాబట్టి తమ ఊరి తెలుగు సంఘాల చరిత్ర రాయదలచిన విద్యార్థులు కార్యదర్శిని పాత సంచిక ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. దానిని కూర్చిన డి.టి.పి. కేంద్రంలో సి.డి.లు ఉన్నాయేమో, స్కాన్ చేయడానికి ఇచ్చిన అసలు ఫొటోలు ఎవరి ఇంట తిరిగి చేరాయో, మూతపడిన ప్రెస్సులో బ్లాకులేమైనా మిగిలాయో కనుక్కోవాలి. దొరికిన ఫొటో వెనుక పెన్సిలుతో రాసిన పేర్లనూ తేదీనీ కూడా స్కాన్ చేయాలి. కొత్తగా సంచిక వేసేవారు పుట ఫైలు, బొమ్మలు, ఫాంట్లు, పూర్తి స్థాయి పి.డి.ఎఫ్. నాలుగింటినీ ఒకే ఫోల్డరులో పెట్టి, రెండు వేరు వేరు చోట్ల భద్రపరచాలి. ఒకప్పుడు బ్లాకు బరువూ ఖరీదూ దానిని కాపాడాయి. నేటి బొమ్మకు బరువు లేదు, ఖరీదు కూడా లేదు. దానిని కాపాడవలసినది మన శ్రద్ధే.