అందరాని దూరమున మేల్కొనని యంత్రము

పాఠశాలలోని కంప్యూటరునకు క్రొత్త వ్యవస్థా ప్రోగ్రామును ఎక్కించిన పిమ్మట అది మేల్కొనకపోయినచో, మనము దాని ప్రక్కనే కూర్చుండి తెరను చూడగలము, మీటను నొక్కగలము, పాత ప్రోగ్రామును తిరిగి ఎక్కింపగలము. అదే కంప్యూటరు దూరనగరమున సర్వరుగా పనిచేయుచున్నచో ఈ సౌకర్యములు లేవు. దానితో మాటలాడుటకు త్రోవను తెరచియుంచునది దానిలో నడచు ప్రోగ్రామే. ప్రోగ్రాము లేవనిచో త్రోవయు మూతపడును. మనుష్యుడు ఇంతవరకు అడుగుపెట్టని అంగారక గ్రహముమీద ఇట్టి చిక్కులు రెండు యంత్రములకు వచ్చినవి. ఒకటి మరల పలుకలేదు, మరియొకటి బ్రదికినది. ఈ భేదమునకు కారణమేమో విచారింతము.

ముందుగా కంప్యూటరు మేల్కొను విధమును తెలిసికొనవలెను. విద్యుత్తు అందిన క్షణమున దాని పని స్మృతి శూన్యముగా నుండును. అందులోనికి ప్రోగ్రామును తెచ్చుటకు మరియొక ప్రోగ్రాము కావలెను. పూర్వము పల్లెలలో పొయ్యి రాజేయుటకు పొరుగింటినుండి నిప్పుకణిక తెచ్చుకొనెడివారు. కంప్యూటరులో ఆ కణిక వంటిది, విద్యుత్తు పోయినను చెరగని స్మృతిలో నుంచిన ఒక చిన్న ప్రోగ్రాము. అది పెద్ద ప్రోగ్రామును లేపును. ఈ క్రియకే ‘బూట్’ అని పేరు.

అమెరికా దేశపు వైకింగ్ 1 నౌక 1976 జూలై 20వ తేదీన అంగారకునిపై దిగి, ఆరేండ్లకు పైగా పనిచేసెను. కాలక్రమమున దాని బ్యాటరీలు బలహీనపడినవి. వానిని మెరుగుగా ఛార్జి చేయుటకై 1982 నవంబరులో భూమినుండి క్రొత్త ప్రోగ్రామును పంపిరి. కాని అది స్మృతిలో పడరాని చోట పడినది. ఆంటెన్నాను భూమివైపు త్రిప్పుటకు కావలసిన సమాచారము దానిక్రింద చెరిగిపోయినది. నౌక చెడలేదు, దాని చెవి మాత్రము మనవైపునుండి తొలగినది. తప్పును దిద్దు ఆజ్ఞ పంపవలెనన్నను అది వినవలెను గదా! నెలల తరబడి పిలిచిరి. సమాధానము రాలేదు.

రెండవ కథ స్పిరిట్ అను రోవరుది. అది 2004 జనవరి 4వ తేదీన గూసెవ్ బిలములో దిగెను. పదునెనిమిదవ అంగారక దినమున, అనగా జనవరి 21వ తేదీన, ఒక శిలను పరీక్షింపబోవుచుండగా అకస్మాత్తుగా మౌనము వహించినది. తరువాత క్షీణమైన సంకేతములు మాత్రమే వచ్చినవి. నాటి దూరమున ఒక సందేశము చేరుటకే సుమారు 10 నిమిషములు పట్టెడిది. ఇంజనీర్లు క్రమముగా గ్రహించిన దేమనగా, రోవరు తనంతట తానే ఆగి, మరల మొదలై, మరల ఆగుచుండెను. ఇట్లు అరువదికి పైగా మారులు జరిగినది. రాత్రివేళ నిద్రపోవలసిన యంత్రము నిద్రలేక బ్యాటరీని హరించుకొనుచుండెను. ఆలస్యమైనకొలది అపాయము పెరుగుచుండెను.

కారణము చిన్నది. రోవరునకు 256 మెగాబైట్ల ఫ్లాష్ స్మృతి కలదు. విద్యుత్తు లేకున్నను అందలి ఫైళ్ళు నిలుచును. ఆ ఫైళ్ళ పట్టికను మాత్రము మేల్కొనిన ప్రతిసారి పని స్మృతిలోనికి తేవలెను. ప్రయాణకాలముననే రోవరునకు క్రొత్త ప్రోగ్రామును పంపియుండిరి. కాని పాత ప్రోగ్రాము ఫైళ్ళు తొలగింపబడక నిలిచిపోయినవి. వానికి ప్రతిదినపు క్రొత్త ఫైళ్ళు తోడై పట్టిక పెరిగి, దానికి పని స్మృతిలో చోటు చాలలేదు. చోటు చాలనందున ప్రోగ్రాము ఆగెను. ఆగినందున యంత్రము మరల మొదలయ్యెను. మొదలైన వెంటనే అదే పట్టిక ఎదురయ్యెను. విచిత్రమేమనగా, పాత ఫైళ్ళను తొలగించు సాధనమును పదునైదవ దినముననే పంపిరి. అందు ఒక భాగము సరిగా చేరలేదు. దానిని మరల పంపుటకు నిర్ణయించినది పందొమ్మిదవ దినము!

అయినను స్పిరిట్ నశింపలేదు. ఫ్లాష్ స్మృతిని తాకకుండ, పని స్మృతితోనే మేల్కొను మార్గమును నిర్మాతలు ముందుగానే అమర్చియుండిరి. జనవరి 24వ తేదీన ఆ విధముగా లెమ్మని ఆజ్ఞాపించిరి. రోవరు శాంతించి పలికినది. ఫిబ్రవరిలో ఫ్లాష్ స్మృతిని పూర్తిగా తుడిచి క్రొత్తగా సిద్ధపరచిరి. తొంబది దినముల పనికై పంపిన ఆ యంత్రము 2010 మార్చి వరకు సంకేతముల నంపెను.

పిమ్మటి నౌకలలో ఈ జాగ్రత్త ఇంకను పెరిగినది. 2012లో దిగిన క్యూరియాసిటీ రోవరులో రెండు కంప్యూటర్లు కలవు. 2013 ఫిబ్రవరిలో ఒకదాని ఫ్లాష్ స్మృతి చెడగా, పనిని రెండవదానికి మార్చిరి.

భూమిమీది సర్వరులను చూచుకొనువారు పాటించు నియమములును ఇట్టివే. క్రొత్తది సరిగా లేచినదని తేలువరకు పాతదానిని తుడిచివేయరాదు. తేలిన పిమ్మట దానిని తొలగించుట మరువరాదు. క్రొత్త ప్రోగ్రాముపై ఆధారపడని ప్రక్కదారి నొకటి ఎల్లప్పుడు ఉంచవలెను. వైకింగు ఆంటెన్నా తొలగినప్పుడు అట్టి దారి మిగులలేదు. స్పిరిటునకు మిగిలినది. దూరపు యంత్రమునకు క్రొత్త ప్రోగ్రామును పంపువాడు ముందుగా వేసికొనవలసిన ప్రశ్న, ‘ఇది ఎంత మేలైనది?’ అని కాదు. ‘ఇది లేవనిచో ఏ ద్వారమున లోనికి పోగలను?’ అని.